విప్పని పొట్లపు పరీక్ష

లోపలనున్నదానిని ఎవ్వరును చూడకుండుటయే తన విలువకు ఆధారముగా గల వస్తువు లోకమున మిక్కిలి యరుదు. అమెరికాలో బబుల్‌గమ్‌తో చేర్చి బాలురకు అమ్మిన క్రీడాకారుల కార్డుల పొట్లము అట్టిది. అయిదు సెంట్లకో పదిహేను సెంట్లకో కొని, అంగడి గడప దాటకముందే చింపివేయదగిన ఆ పొట్లము, ఏ గిడ్డంగి మూలనో అటకమీదనో మరుగుపడి నలుబది యేబది సంవత్సరములు చిరుగక నిలిచినచో, నేడు వందలును, ఒక్కొక్కప్పుడు వేలును డాలర్ల వెల పలుకుచున్నది. విప్పిచూచినచో లోపలి సంగతి తెలియును గాని పొట్లము మిగులదు. విప్పకున్నచో పొట్లము మిగులును గాని, దానినెవ్వరో ఇదివరకే విప్పి, మేలైన కార్డును తీసికొని, సామాన్యమైన కార్డునొకదానిని లోపలనుంచి, మరల అంటించిరేమో యను శంక తీరదు. పొట్లము చెడకుండ ఈ శంకను తీర్చు నేర్పు కేవలము వర్తకుల యుపాయము కాదనియు, కాగితమును, మైనమును, యంత్రపు మడతను ఏండ్లతరబడి పరికించి సంపాదించిన నిజమైన విద్యయనియు నా యభిప్రాయము.

న్యూయార్క్ నగరపు బ్రుక్లిన్ ప్రాంతమున 1938లో స్థాపితమైన టాప్స్ సంస్థ 1951లో బేస్‌బాల్ కార్డులకు పూనుకొని, మరుసటి యేడు సై బర్గర్ అను నుద్యోగి ముఖ్యుడుగా రూపొందించిన 407 కార్డుల శ్రేణిని వెలువరించినది. ఆ శ్రేణిలో 311వ సంఖ్యనుండి కడవరకు గల చివరి విడత, ఆటల ఋతువు ముగియవచ్చిన తరువాత బజారున బడుటచే అమ్ముడుపోలేదు; మిగిలిపోయిన సరకును 1960లో పడవకెక్కించి న్యూజెర్సీ తీరమునకు దూరముగా అట్లాంటిక్ మహాసముద్రములో పారవేయించితినని బర్గరే తరువాతి కాలమున చెప్పినాడు. ఆ విడతకు మొదటిదైన మికీ మాంటిల్ కార్డు ప్రతి యొకటి 2022లో 1 కోటి 26 లక్షల డాలర్లకు వేలములో అమ్ముడైనది. పొట్లములను పరీక్షించువారికి ఈ చరిత్రతో ప్రత్యక్షమైన యక్కర కలదు. 1973 వరకు టాప్స్‌వారు ఒక సంవత్సరపు కార్డులను విడతలు విడతలుగా విడుదల చేయుచుండిరి. 1974లోనే మొదటిసారిగా 660 కార్డులును ఒక్కమారుగా వచ్చినవి. కావున అంతకు పూర్వపు పొట్లమును చూచి సంవత్సరమును గుర్తించినంత మాత్రమున పని తీరదు. ఏ విడతదో తెలిసినప్పుడే లోపల ఏ క్రీడాకారుడుండుటకు వీలున్నదో, ఎవ్వడుండుటకు వీలులేదో తెలియును.

మైనపు కాగితపు పొట్లమును, అనగా వ్యాక్స్ ప్యాక్‌ను, చేతికిచ్చినపుడు అనుభవజ్ఞుడు దాని ముఖమున ముద్రితమైన రంగురంగుల బొమ్మను చూడక, వెంటనే వెనుకకు త్రిప్పును. కాగితపు రెండంచులు నిలువుగా నొకదానిపై నొకటి చేరి, రెండు కొనలును త్రికోణములుగా లోనికి మడిగి, వానిపై యంత్రపు వేడిపలక ఒక్క క్షణము మోపబడుటచే మైనము కరిగి అతుకుకొనిన చోటు అదియే. యంత్రము అలయునది కాదు, తొందరపడునది కాదు. దాని మడత ప్రతి పొట్లమునందును ఒకే కొలతను, దాని వేడి ఒకే మేరను పాటించును. మరల అంటించువాని చేతిలోని ఇస్త్రీపెట్టెకు ఆ నియమము లేదు. రెండవమారు కరిగిన మైనము అతుకు దాటి ప్రక్కలకు పాకి, ఒకచోట దట్టముగను, వేరొకచోట పలుచగను, కొన్నిచోట్ల అస్వాభావికమైన మెరుపుతోను కనబడును. పూర్వపు మడతగీత యొకవైపును క్రొత్త మడతగీత దానికి వెంట్రుకవాసి దూరమునను నిలిచి, రెండు గీతలును జరిగినదానికి సాక్ష్యమిచ్చును. అంటించినది జిగురైనచో అతినీలలోహిత దీపముక్రింద అది తరచుగా వేరువన్నెతో వెలుగును. అదే దీపము ప్రాచీనతరమైన కాగితమునకును పరీక్షయగును: కాగితమునకు తెలుపునిచ్చు రసాయనములు రెండవ ప్రపంచయుద్ధానంతరమే విరివిగా వాడుకలోనికి వచ్చినవి గనుక, బోస్టన్‌లోని గౌడీ సంస్థవారి 1933 నాటి పొట్లమని చెప్పబడునది ఆ వెలుగులో తెల్లగా నీలముగా ప్రకాశించినచో దానిని నమ్మరాదు.

మైనమునకు మరియొక స్వభావము కలదు. అతుకు పడినపుడు అది కాగితమునకే పరిమితము గాక, దానిని తాకియున్న చివరి కార్డుకును కొంత అంటును. ఈ మరకను నైలాను మేజోడుతో మెల్లగా రుద్ది తొలగించుట కార్డులను సేకరించువారిలో చిరకాలముగా నున్న వాడుక. బబుల్‌గమ్ పలక తన్నానుకొనియున్న కార్డుపై గోధుమవన్నె మచ్చను విడుచును. ఏండ్లు గడచినకొలది పెళుసై, ముక్కలై, వ్రేలితో తడవినప్పుడు కాగితములోపల కదలును. విడికార్డును కొనువానికి ఈ రెండును దోషములే. పొట్లమును కొనువానికి మాత్రము, ఉండవలసినచోట ఉండుటచే, ఇవి మేలైన ఆధారములు.

ఇచ్చట ఫ్లీర్ సంస్థవారి 1986 నాటి బాస్కెట్‌బాల్ పొట్లమును ప్రత్యేకముగా చెప్పవలసియున్నది, ఏలయన కపటమునకు దానివలె గురియైనవి తక్కువ. పెట్టెకు 36 పొట్లములు. పొట్లమునకు 12 కార్డులు, ఒక స్టిక్కరు, ఒక గమ్ పలక. మొత్తము శ్రేణిలో 132 కార్డులు, 11 స్టిక్కర్లు. అందు 57వ కార్డు మైకేల్ జోర్డన్‌ది. ఆ కార్డులు పెద్ద తావులపై అచ్చొత్తబడి, కోయబడి, యంత్రముచేతనే వరుసగా చేర్చబడినవగుటచే, ఏ కార్డు వెంట ఏ కార్డు వచ్చుననుటకు ఒక క్రమము కలదు. మైనపు కాగితమును వెనుకవైపు మెల్లగా అదిమిపట్టినచో చివరనున్నది ఛాయవలె కనబడును. ఆ క్రమము నెరిగినవాడు దానినిబట్టి లోపలివానిని చాలవరకు ఊహింపగలడు. ఒకే పెట్టెలోని పొట్లములు ఆ క్రమమునకు లోబడక యిష్టమువచ్చినట్లున్నచో, అవి ఆ పెట్టెలో పుట్టినవి కావని తేల్చవచ్చును. ఈ జ్ఞానమెట్లు లభించినది? పెట్టెలను స్వయముగా విప్పి, వచ్చిన కార్డులను వచ్చిన వరుసలోనే వ్రాసిపెట్టుకొనిన సహనశీలురవలన. వారు తమ పెట్టెలను నష్టపరచుకొనినందుననే మిగిలిన పెట్టెలను పరీక్షించుటకు ఆధారము దొరకినది, ఈ ఋణమును విప్పని పొట్లముల వ్యాపారులు తరచుగా స్మరింపరు.

పారదర్శకమైన పొరలో చుట్టబడిన సెల్లో ప్యాక్‌లను, మూడు అరలుగా వ్రేలాడదీయబడు ర్యాక్ ప్యాక్‌లను గూర్చి విస్తరింప నక్కరలేదు. వానియందు పైకార్డు బయటికే కనబడును గనుక, ప్రసిద్ధుడు పైనున్నచో వెల పెరుగును, వెలతోడనే అనుమానమును పెరుగవలెను. 1989లో అప్పర్ డెక్ సంస్థవారు లోహపు పొరగల సంచులను ప్రవేశపెట్టిన పిమ్మట విప్పి మరల అంటించుట దుష్కరమైనది. టాప్స్‌వారు 1992లో గమ్‌ను కూడ మానిరి. దానితో ఒక యుగము ముగిసినది.

నేడు ఈ పరీక్షలో ప్రమాణముగా నెన్నబడు సంస్థ ఇండియానా రాష్ట్రములోని బేస్‌బాల్ కార్డ్ ఎక్స్ఛేంజ్. దాని స్థాపకుడు స్టీవ్ హార్ట్. తాము సమ్మతించిన పెట్టెను వారు పారదర్శకపు పొరలో చుట్టి తమ ముద్రను అంటింతురు. విప్పని సరకునకు ఎంత వెల పలుకునో ఒక నిదర్శనము: కెనడాలోని రెజైనా నగరమున దొరకిన, ఓ-పీ-చీ సంస్థవారి 1979-80 నాటి హాకీ కార్డుల మూట 2024లో 37 లక్షల 20 వేల డాలర్లకు అమ్ముడైనది. అందు 16 పెట్టెలు, పెట్టెకు 48 పొట్లములు, పొట్లమునకు 14 కార్డులు, వెరసి 10,752 కార్డులు. శ్రేణి 396 కార్డులది గనుక, హాకీ క్రీడాకారుడు వేన్ గ్రెట్‌స్కీ తొలి కార్డులు సగటు లెక్కన 27 ఉండవచ్చును. ఉండవచ్చునను ఆ మాటకే అంత వెల.

అయినను ముద్రయే సర్వస్వమని భావింపరాదు. క్రీడల కార్డులు కాకపోయినను అదే విపణిలో తిరుగు పోకెమాన్ కార్డుల మూటనొకదానిని, పరీక్షింపబడినదను విశ్వాసముతో యూట్యూబ్‌లో ప్రసిద్ధుడైన లోగన్ పాల్ 2021 చివర 35 లక్షల డాలర్లకు కొని, మరుసటి జనవరిలో తెరువగా, లోపల దానితో సంబంధములేని జి.ఐ. జో కార్డులు బయటపడినవి. అచ్చట చూడబడినది బయటి అట్టపెట్టెయే గాని లోపలి సరకు కాదు. ఎంత లోతుగా చూడబడినదో తెలియని ధ్రువపత్రమును నేను సగము ధ్రువపత్రముగనే ఎన్నుదును.

అమెరికాలో నివసించు తెలుగువారికి ఒక మనవి. పాత యిండ్లు కొనినపుడును, ఇరుగుపొరుగుల గరాజ్ సేల్‌లకు పోయినపుడును ఇట్టి పెట్టెలు కంటబడుట అసంభవము కాదు. దొరకినచో విప్పవలదు, నలిగిన కాగితమును సవరింపవలదు, వేడిగానుండు అటకపై నుంచవలదు. ఎవ్వరివద్ద, ఎప్పుడు, ఎట్లు దొరకినదో ఆనాడే వ్రాసియుంచుడు. కొనదలచువారు ముందుగా 1987 ప్రాంతపు టాప్స్ పొట్లములను కొన్నింటిని తెచ్చుకొనుడు. అమితముగా అచ్చయినవగుటచే అవి నేటికిని చౌకగా దొరకును. వానిని విప్పి, నిజమైన అతుకు ఎట్లు ఊడునో, మైనము ఎట్లు పొరలుగా లేచునో మీ వ్రేళ్లతోనే తెలిసికొనుడు. ఆ పిమ్మట ఖరీదైనవానిని చూచుచున్నపుడు, పొట్లపు వెనుకవైపు ఛాయాచిత్రమును చూపుటకు వెనుదీయు విక్రేతవద్ద ఎట్టి పరిస్థితులలోను కొనకుడు.