పేర్ల పుస్తకంలో లేని మా అవ్వ పేరు

మా అక్కకు పాప పుట్టింది. మంచి పేరు వెతకమని బావ ఒక చిన్న పుస్తకం కొనుక్కొచ్చాడు. ముస్లిం ఆడపిల్లల పేర్లు, పక్కనే అర్థాలు. ఇంట్లో అందరికంటే ఎక్కువసార్లు చదివింది నేనే. చదివాక నాకు తోచింది రాస్తున్నాను.

ముందు మంచి చెప్పాలి. పేర్లు అక్షర క్రమంలో ఉన్నాయి, వెతకడం సులువు. ఆయిషా అంటే 'జీవించేది' అని సరిగ్గానే ఇచ్చారు. కానీ చాలా పేర్లకు 'అందమైనది', 'మంచి స్త్రీ' అని రాసి వదిలేశారు. ఫాతిమాకూ అంతే. ఆ పేరు బిడ్డకు పాలు మాన్పించడం అనే అర్థమున్న అరబ్బీ మాట నుంచి వచ్చింది. తల్లీబిడ్డా కళ్ళముందు కనబడే అర్థం అది. దాన్ని ఎందుకు వదిలేశారో!

రెండో లోపం ఇంకా పెద్దది. అన్నీ అరబ్బీ పేర్లే అన్నట్టు రాశారు. పర్వీన్ పారశీక మాట. మనం కృత్తికలు అనే నక్షత్రాల గుంపుకు అది పేరు. షిరీన్ కూడా పారశీకమే, 'తీయనిది' అని అర్థం. మర్యమ్ హీబ్రూలోని మిర్యామ్. తుర్కీ వాళ్ళ ఐగుల్‌లో 'ఐ' అంటే చంద్రుడు, 'గుల్' అంటే గులాబి. 2001 నుంచి 2004 వరకు ఇండోనేషియా అధ్యక్షురాలిగా ఉన్న మేఘావతి ముస్లిం. ఆమె పేరులోని మేఘం మన సంస్కృత మేఘమే.

ఇక మా అవ్వ సంగతి. నెల్లూరు నుంచి పెళ్ళై మద్రాసుకు వచ్చిన ఆమె పేరు మస్తానమ్మ. పుస్తకంలో ఆ పేరు లేదు. చూడ్డానికి వచ్చిన చుట్టం ఒకాయన, "చివర్న అమ్మ ఉంటే అది మన పేరెట్లా అవుతుంది?" అని నవ్వాడు. అవ్వ ఏమీ అనలేదు, లేచి లోపలికి పోయింది.

నాకు మాత్రం ఊరుకో బుద్ధి కాలేదు. నూర్జహాన్ అసలు పేరు మెహ్రున్నిసా. 'మెహ్ర్' పారశీకంలో సూర్యుడు, 'నిసా' అరబ్బీలో స్త్రీలు. తర్వాత వచ్చిన నూర్జహాన్‌లో కూడా 'నూర్' అరబ్బీ, 'జహాన్' పారశీకం. రాణికి రెండు భాషలు కలిపి పేరు పెడితే గొప్ప అయినప్పుడు, మా అవ్వకు పెడితే తప్పెట్లా అవుతుంది? దైవధ్యానంలో మైమరచిన ఫకీర్లను మస్తాన్ అంటారు. అది పారశీకం నుంచి వచ్చిన మాట. అమ్మ తెలుగు. పేరు ఏ ఊరికి పోతే ఆ ఊరి భాష నేర్చుకుంటుంది, మనలాగే.

పాపకు ఆయిషా అని పెట్టారు. నాకూ ఇష్టమే. పుస్తకం చివర ఒక ఖాళీ పేజీ ఉంటే అందులో 'మస్తానమ్మ' అని రాసి, పక్కన అర్థం రాసి, అవ్వకు చదివి వినిపించాను. "నా పేరుకు ఇంత కథ ఉందా!" అంది. ఇంకోసారి చదవమంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళ పేర్లు కూడా అడగండి. పుస్తకంలో లేనంత మాత్రాన అర్థం లేని పేర్లు కావవి.