దొరకడానికే దాచాలి

దాచడంలో మా అమ్మ తర్వాతే ఎవరైనా. పోపులపెట్టె అడుగున పది రూపాయల నోట్లు, బియ్యం డబ్బాలో గొలుసు, పాత చీర మడతలో బ్యాంకు పుస్తకం. ఆమె దాచిందంటే ఇంకొకరి కంట పడేది కాదు. ఒక్కోసారి ఆమెకే దొరికేది కాదు. మొన్నామధ్య ఫోన్‌లో "అడవిలో క్యాష్ దాచానమ్మా" అన్నాను. తెనాలి నుంచి క్షణం సేపు మాట లేదు. "ఎంత? అక్కడ లాకర్లు ఉండవా?" అంది.

ఆ క్యాష్ డబ్బు కాదు, దాచిపెట్టిన డబ్బా. ఎవరో ఒక డబ్బా ఎక్కడో దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు ఆన్‌లైన్‌లో పెడతారు. మిగతావాళ్లు జీపీఎస్ చూసుకుంటూ వెళ్లి, వెతికి, అందులోని చిన్న పుస్తకంలో పేరూ తేదీ రాసి, డబ్బాను మళ్లీ అక్కడే పెట్టి వస్తారు. జియోక్యాషింగ్ అంటే అంతే. "దీనికోసం వానలో తడవాలా?" అన్నారు మా ఆయన. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే నాకంటే ముందు బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడేది ఆయనే.

ఈ ఆట ఎలా పుట్టిందంటే, మామూలు జనానికి అందే జీపీఎస్ సంకేతంలో అమెరికా ప్రభుత్వం ఒకప్పుడు కావాలనే తప్పు కలిపేది. చూపించే చోటుకీ అసలు చోటుకీ వంద మీటర్ల దాకా తేడా ఉండేది. 2000 మే 2న ఆ తప్పు కలపడం ఆపేశారు. మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఓరెగాన్‌లో బీవర్‌క్రీక్ దగ్గర అడవిలో ఒక ప్లాస్టిక్ బకెట్ పెట్టి, అది ఎక్కడుందో అంకెల్లో చెప్పాడు. మూడు రోజుల్లోనే జనం వెతికి పట్టుకున్నారు. బకెట్‌లో సినిమా క్యాసెట్టు, పుస్తకం, కొన్ని డాలర్లు, ఒక బీన్స్ డబ్బా ఉన్నాయి. ఆ బీన్స్ డబ్బాను గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను. ఆ సెప్టెంబరులో మొదలైన జియోక్యాషింగ్ డాట్ కామ్ ఆఫీసు మా సియాటిల్‌లోనే ఉంది.

కనీసం ఇరవై డబ్బాలు వెతికాక గానీ సొంతంగా దాచొద్దని ఆటలో పాతవాళ్లు చెబుతారు. నేను నాలుగు వెతికి దాచాను. సియాటిల్ పక్కనే ఉన్న రెడ్మండ్‌లో మా ఇంటి వెనక కాలిబాట మా కాలనీ సంఘానిది. వాళ్లకు మెయిల్ పెట్టి, రెండు వారాలు ఆగి సరే అనిపించుకున్నాను. ఒక పొద దగ్గర చోటు చూసి వివరాలు పంపితే, వాటిని పరిశీలించే స్వచ్ఛంద కార్యకర్త కుదరదన్నాడు. ఒక డబ్బాకీ ఇంకో డబ్బాకీ మధ్య కనీసం 161 మీటర్లు, అంటే మైలులో పదో వంతు ఉండాలి. మ్యాప్‌లో అక్కడేమీ లేదే! తీరా చూస్తే, పజిల్ విప్పితే తప్ప చోటు తెలియని క్యాష్ ఒకటి ఆ పక్కనే ఉందట. దాని గుర్తు మ్యాప్‌లో ఇంకెక్కడో ఉంటుంది.

అలా తప్పనిసరై ముందుకు నడిస్తే ఒక మొద్దు కనిపించింది. నలుగురం చేతులు చాపినా అందనంత దేవదారు మొద్దు. నా తల ఎత్తున దాని ఒంటికి రెండు గంట్లు. అచ్చం మా అమ్మమ్మ ఇంటి గోడకి దీపం పెట్టే గూళ్లలా ఉన్నాయి. వందేళ్ల కిందట చెట్టు కొట్టేవాళ్లు ఆ గంట్లలో పలకలు దూర్చి, వాటి మీద నిలబడి రంపం లాగేవారు. మొదలు దగ్గర లావు ఎక్కువ కాబట్టి ఆ పైన కోసేవారు. మనిషి నిలబడిన చోటు అలాగే మిగిలిపోయింది. నేను అదే దారిలో మూడేళ్లు నడిచాను, ఒక్కనాడూ చూడలేదు.

డబ్బాను మొద్దు వెనక, ఫెర్న్ ఆకుల కింద పెట్టాను. గొయ్యి తవ్వకూడదు, చెట్టుకు మేకు కొట్టకూడదు. అంత పెద్ద చెట్ల కింద ఫోన్ చోటును నిలకడగా చూపించదు. నేను ఒక్కసారి చూసి, వచ్చిన అంకెలు రాసేశాను. నిమిషాల్లో దశాంశం తర్వాత మూడో అంకె ఒకటి మారితేనే ఉత్తర దక్షిణాల్లో దాదాపు 1.85 మీటర్లు జరిగినట్టు. నాది ఆరేడు అంకెలు తప్పింది. మొదట వచ్చిన ఇద్దరూ వెతికి వెతికి దొరకలేదని రాసి వెళ్లారు. సిగ్గులేకుండా చెబుతున్నా, లోలోపల సంతోషించాను. మా అమ్మ కూతుర్ని కదా. మూడో ఆవిడకి దొరికింది. కానీ ఆవిడ రాసింది చదివాక సంతోషం దిగిపోయింది: పదకొండు మీటర్ల అవతల, ఫెర్న్‌లు తొక్కుకుంటూ నలభై నిమిషాలు వెతికిందట. వెళ్లి చూస్తే మొక్కలన్నీ నలిగి ఉన్నాయి. తప్పుడు అంకెల వల్ల మొక్కలు నలిగిన పాపం నాదే. తర్వాత మూడు వేర్వేరు రోజులు వెళ్లి, ఒక్కో రోజూ నాలుగైదు సార్లు చూసి, సగటు తీసి సరిచేశాను.

ఇక బీన్స్ డబ్బా సంగతి. ఈ ఆటలో ఇప్పుడు తిండి వస్తువులు పెట్టకూడదు. నేను పెట్టలేదు కూడా. ఒకప్పుడు తిండి ఉన్న డబ్బా పెట్టాను. ఆవకాయ అయిపోయిన ప్లాస్టిక్ డబ్బా, మరమూత. సబ్బుతో కడిగి, శనగపిండితో తోమి, కిటికీలో రెండు రోజులు ఆరబెట్టాను. నా ముక్కుకు వాసన పోయింది. రకూన్ ముక్కుకు పోలేదు. నెల తిరిగేసరికి మూత అంచంతా పళ్ల గాట్లు, లోపల లాగ్ పుస్తకం నానిన అటుకుల ముద్ద. ఆ మొదటి సంతకాలన్నీ పోయాయి.

ఇప్పుడున్నది నాలుగు వైపులా నొక్కి మూసే క్లిప్పులు, లోపల రబ్బరు అంచు ఉన్న కొత్త డబ్బా. తిండి మెతుకు తగలనిది. పుస్తకం జిప్ కవర్‌లో, పక్కన పెన్సిల్. పెన్నుతో రాస్తే చెమ్మకి సిరా అలుక్కుపోతుంది. మొద్దుకున్న గంట్ల గురించి ఆన్‌లైన్ వివరణలో నాలుగు వాక్యాలు రాశాను. పదేళ్లుగా ఈ దారిన కుక్కను తిప్పుతూ ఒక్కసారీ తలెత్తి చూడలేదని ఒకాయన పెన్సిల్‌తో రాసి వెళ్లాడు.

ఈ వైపు వచ్చి ఎవరైనా ఆ డబ్బా తీస్తే చిన్న మనవి. వెళ్లేటప్పుడు క్లిప్పులు నాలుగూ నొక్కండి. మూడు నొక్కితే సరిపోదు, ఇక్కడ అక్టోబరు నుంచి వానలే.