టోపీలు లేని తుపాకి

పోయిన వారం జగిత్యాల అవతల ఒక ఊళ్ళో, మక్కచేను గట్టు మీద ఒక పెద్దాయన బర్మారు తుపాకి ఒళ్ళో పెట్టుకుని కనిపించాడు. మూతి నుంచి మందు కూరి పేల్చే రకం. తాతల నాటిది, లైసెన్సు ఉంది. "మందున్నది, గుండ్లున్నయి, టోపీలే లెవ్వు సారూ. దుకాణపాయన ఎప్పుడు వోయినా వచ్చే నెల రమ్మంటుండు" అన్నాడు. రేకు డబ్బా మూత తీసి చూపించాడు. అడుగున కందిగింజంత రాగి టోపీలు కొన్ని మిగిలాయి. వాటిలోనూ రెండు మూడింటికి చిలుం పట్టింది.

నాకు కోపం వచ్చింది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో, పంట కాపలాకు వాడే మూతిమందు తుపాకి లైసెన్సు ప్రస్తావన విడిగా ఉంది. ఎన్నికలొస్తే ఆయన ఆ తుపాకిని ఠాణాలో అప్పజెప్పి రసీదు తెచ్చుకుంటాడు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్న రైతుకు కావలసిన సరుకు మాత్రం దొరకదు.

ఈ కాలమ్ ఏళ్ళుగా చదివేవాళ్ళకు తెలుసు, ఏ పనిముట్టుకైనా నేను పెట్టే పరీక్ష ఒక్కటే: ఊరి కొలిమి దగ్గర బాగవుతుందా? బర్మారు ఆ పరీక్షలో చాలా దూరమే వస్తుంది. కర్ర పని వడ్రంగిది, ఇనుము పని కమ్మరిది. మందుకు కావలసినవి సురేకారం, గంధకం, బొగ్గు. ఒకప్పుడు నిర్మల్‌లో ఫిరంగులే పోతపోశారు. టోపీ దగ్గరికొచ్చేసరికి కొలిమి చేతులెత్తేస్తుంది. పల్చటి రాగి రేకు లోపల, దెబ్బ తగలగానే అంటుకునే మందును తూకం తప్పకుండా అద్దాలి. అది ఫ్యాక్టరీ పని.

దీనికి మూలపురుషుడు స్కాట్లండ్ పాదిరి అలెగ్జాండర్ ఫోర్సైత్. చెకుముకి తుపాకి పక్కన మందు భగ్గుమనగానే బాతులు చూసి లేచిపోతున్నాయని, దెబ్బకు అంటుకునే మందును తుపాకికి పనికొచ్చేలా చేసి 1807లో పేటెంటు తీసుకున్నాడు. రాగి టోపీ ఆ తర్వాత వచ్చింది. వానలోనూ పేలే తుపాకి చేతికందింది, దాంతోపాటే దుకాణం మీద ఆధారపడటమూ మొదలైంది. 1857 తిరుగుబాటులో ఢిల్లీ సిపాయిలకు ఇదే దెబ్బ తగిలింది. మందు నూరుకోగలిగారు గానీ టోపీలకు కటకటలాడారు. అంతకు ముందరి తోడేదారు అనే వత్తి తుపాకికైతే సురేకారంలో నానబెట్టిన నూలుతాడు సరిపోయేది.

లైసెన్సు ఉన్న రైతుకు టోపీలు సర్కారే ఇప్పించాలని రాద్దామనుకున్నాను. కానీ లేచి వచ్చేముందు ఆయన్ని అడిగాను, "ఎన్ని పందులు వడ్డయి కాకా?" అని.

"పందినెన్నడు గొట్టలే. గాల్లకు పేల్చుడే. చప్పుడుకు ఉర్కుతయి. తెల్లారకముందే మల్ల వస్తయి."

చీకట్లో మళ్ళీ మందు పోసి, కడ్డీతో కూరి, బొడిపె మీద టోపీ తొడిగేలోపు మంద చేను ఇంకో మూలకు చేరుతుంది. టోపీకి బదులు దీపావళి రీళ్ళు పెట్టి చూద్దామని మనవడు అంటే ఆయన ఒప్పుకోలేదట. ఘోడా పడ్డప్పుడు అసలు టోపీయే ఒక్కోసారి చిట్లి రాగి ముక్క మొహం మీదికి ఎగురుతుంది. ఎడమ కనుబొమ మీది మచ్చ వేలితో తడిమి చూపించాడు. నా మనసు తిరిగింది అక్కడే. ఆయనకు కావలసింది చప్పుడు. దాని కోసం కన్ను పణంగా పెట్టనక్కర్లేదు.

టోపీ దొరకదని, తుపాకి లేదని కరీంనగర్ చుట్టుపక్కల కోతుల మీదికి, పందుల మీదికి కార్బైడ్ పైపులు, అంటే కార్బైడ్ గ్యాసుతో పేలే ప్లాస్టిక్ గొట్టాలు, పేలుస్తున్నారు. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఆ పైపులతోనే వందమందికి పైగా, ఎక్కువగా పిల్లలు, కళ్ళు దెబ్బతిని ఆస్పత్రుల పాలయ్యారు. ఇంకొందరు చేను చుట్టూ కరెంటు తీగ కడుతున్నారు. దానికి పందీ పులీ మనిషీ అన్న తేడా లేదు.

అందుకే టోపీల కొరత తీర్చమని నేను అడగను. సోలార్ కంచెకు సాయం, పంట నష్టానికి వేళకు పరిహారం అడుగుతాను. పక్క పక్క చేన్లవాళ్ళు మంచె కాపలా వంతులు వేసుకోవాలని, డప్పు మళ్ళీ చేనుకు రావాలని కోరుకుంటాను. లైసెన్సు తుపాకి ఉన్నవాళ్ళు టోపీకి బదులు ఇంకేదీ పెట్టి చూడకండి. మీ కొట్టంలో కార్బైడ్ పైపు ఉంటే ఈ ఆదివారమే, పిల్లల చేతికి చిక్కకముందే, విరగ్గొట్టి పారేయండి.