తాడు మీద వినాయకచవితి

రెండో తరగతి పిల్లలకు 1954 అంటే ఒక అంకె, అంతే. వాళ్ళకు తెలిసిన కాలం నిన్న, రేపు, పుట్టినరోజు. అందుకే పండగలెలా మారాయో చెప్పే పాఠాలు చాలావరకు ‘అప్పుడలా, ఇప్పుడిలా’ అంటూ రెండు బొమ్మలు చూపించి ముగిసిపోతాయి. హైదరాబాద్‌లో ఒక చిన్న బడిలో నేను చూసిన వినాయకచవితి పాఠం ఆ బాపతు కాదు. దాని పనితనం గురించి చెప్పుకోవాలి.

టీచరమ్మ ముందురోజే ఒక్క ప్రశ్న ఇచ్చి పంపింది: “మీ నానమ్మ చిన్నప్పుడు ఇంట్లో వినాయకుణ్ణి ఎవరు చేసేవాళ్ళు?” పది ప్రశ్నల కాగితం ఇస్తే అమ్మానాన్నలే నింపి పంపేస్తారు. ఒక్కటే అయితే పిల్లలే అడుగుతారు. అడిగొచ్చారు కూడా. కుమ్మరి ఇచ్చి వెళ్ళేవాడట, చెరువు మట్టి తెచ్చి ముత్తాతే చేసేవాడట, ఒకరింట్లో అచ్చు ఉండేదట. కళ్ళకు గురివింద గింజలు పెట్టేవాళ్ళని ఒక పాప అనగానే ఆవిడ సొరుగులోంచి గాజు సీసా తీసింది. మూత బిగించి, చుట్టూ టేపు వేసి ఉంది. ఎర్రటి గింజ, మీద నల్లటి చుక్క. సీసా క్లాసంతా తిరిగింది గానీ మూత మాత్రం తెరుచుకోలేదు, గురివింద నమిలితే విషం మరి. పిల్లలు చేసిన మట్టి బొమ్మలకు కళ్ళు మిరియాలు. పాఠం తయారుచేయడమంటే ఇదీ!

పత్రి సంగతి తొందరగానే తేల్చేసింది. పెరట్లో కోసిన గరిక, ఉత్తరేణి, మారేడు ఒకపక్క, బజార్లో కొన్న కట్ట ఒకపక్క పెట్టి, కట్టలో ఏ ఆకులున్నాయో వెతకమంది. వెతుకులాటే పాఠం.

అసలు పనితనమంతా మైదానంలో పరిచిన తాడులో ఉంది. ఖైరతాబాద్ మండపంలో నిలబెట్టే వినాయకుడు 1954లో ఒక్క అడుగు ఎత్తు. ఏటా పెరుగుతూ 2014 నాటికి 60 అడుగులయ్యాడు. ఆ కొలతల దగ్గర రంగు రిబ్బన్లు కట్టింది. పిల్లలు తాడు వెంట నడుస్తూ అరవై దాకా లెక్కపెట్టారు. ఇంకా పెరుగుతాడనుకుంటూ ఉండగా, “కరోనా ఏడాది 2020లో ఇంతే” అని వెనక్కి తీసుకొచ్చి 9 అడుగుల దగ్గర నిలబెట్టింది. మళ్ళీ 2022లో 50 అడుగులు, అదీ మట్టితో. 2024లో 70. సంప్రదాయం ఒకే దిక్కుకు నడవదనే సంగతిని పిల్లలు కాళ్ళతో నడిచి తెలుసుకున్నారు. పెద్దలకు రాసే వ్యాసాల్లో కూడా ఈ మాట ఇంత తేటగా కనబడదు.

ఈ పండగను ఊరందరి ఉత్సవంగా మార్చిన తిలక్ పేరు, ఆ 1893 సంవత్సరం ఆవిడ ఎత్తనే లేదు. సరైన పనే, ఆ వయసుకు అవి బరువు. ‘పాత రోజులే బాగుండేవి’ అనే మాట కూడా ఆవిడ నోట రాలేదు. మండపం పెద్దదైతే తప్పేమిటని ఒకడు అడిగితే, “తప్పని ఎవరన్నారు? ఎందుకు పెద్దదయిందో చెప్పు” అంది. వాడు కాస్త ఆలోచించి, “ఎక్కువమంది వస్తారు కదా టీచర్” అన్నాడు.

లోటు ఒక్కటే. ఇంటి నూతిలో కలపడం దగ్గర్నుంచి హుస్సేన్‌సాగర్ ఒడ్డున క్రేన్లదాకా ఎంతో కథ ఉన్న నిమజ్జనం గంట కొట్టే వేళకు హడావుడిగా ముగిసింది. వచ్చే ఏడాది దానికి విడిగా ఒక పీరియడ్ ఇవ్వాలి.