‘ఋణపడు’ - అర్థము, ప్రయోగము

తెలుగున అప్పును గూర్చి చెప్పు క్రియలలో ‘ఋణపడు’ మిక్కిలి పరిచితమైనది. పరిచితమగుటచేతనే కాబోలు, ‘అప్పుగలవాఁడగు’ అని అర్థము చెప్పి పాఠములలో దీనిని దాఁటిపోవుట పరిపాటియైనది. ఆ అర్థము చాలదనియు, చాలదని గుర్తింపకపోవుటచే వ్రాతలో చిక్కులు కలుగుచున్నవనియు నా అభిప్రాయము.

రూపమునందు వివాదము లేదు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున పడ్వాదులను గూర్చి చేసిన విధానమును బట్టి ఋణపడు, ఋణంపడు, ఋణముపడు అను మూఁడును సాధువులే. వ్యవహారమున మొదటిదే నిలిచినది. తెలంగాణమున, హైదరాబాదునకు తూర్పున విజయవాడ మార్గముపైనున్న పెద్ద అంబర్‌పేట వంటి ఊళ్ల పలుకుబడిలో, పకారము వకారమై ‘రుణవడి’, ‘బాకివడ్డ’ అని వినఁబడును. దీనిని అపభ్రంశమని త్రోసివేయుట తొందరపాటు. ‘వెలువడు’ అను మాటను కావ్యభాషగా మన్నించువారు ఈ వకారమును మాత్రము ఏల నిరసింపవలయును?

అర్థమునకు మూలము ‘పడు’ అను అనుప్రయుక్త క్రియయందున్నది. భయపడు, బాధపడు, జబ్బుపడు, సిగ్గుపడు అను వానిలో కర్త చేయువాఁడు కాఁడు, అనుభవించువాఁడు. ‘అప్పుచేయు’ అన్నచో కర్తకు ఇచ్ఛ గలదు; కావుననే ‘అప్పుచేసి పప్పుకూడు’ అను లోకోక్తి నిందయైనది. అచ్చట ‘అప్పుపడి’ యని మార్చి చూడుఁడు, నింద జాలిగా మాఱును.

అయినచో ఋణపడు, బాకీపడు అనునవి పర్యాయపదములా? ‘అంగడివానికి వందరూపాయలు బాకీపడితిని’ అనుట సహజము. ‘వందరూపాయలు ఋణపడితిని’ అని తెలుగువాఁ డెవ్వఁడును అనఁడు. బాకీ యనఁగా అరబ్బీమూలమున మిగిలినది. ఇచ్చినది పోఁగా ఇంకను ఉన్న లెక్క. ఋణపడుటకు లెక్క యుండదు. ‘మీకు జన్మాంతము ఋణపడియుందును’ అన్నచోట ‘బాకీపడియుందును’ అనిన నవ్వు వచ్చును. ఈ క్రియ తఱచు ‘ఉండు’తో కూడి స్థితినే చెప్పును, ‘ఋణపడుచున్నాను’ అను వర్తమానము వినఁబడదు. తీర్చుటయందును భేదము గలదు. అప్పు తీర్తుము, తల్లిదండ్రుల ఋణమును తీర్చుకొందుము. ఈ ‘కొను’ పగ తీర్చుకొనుటలోఁ గూడ ఉన్నది. ఉపకారము, అపకారము రెండును మనస్సున బరువులే యని భాష భావించినది కాఁబోలు.

విభక్తి విషయము మఱింత చిక్కైనది. పాణిని అష్టాధ్యాయిలో (1-4-35) ‘ధారి’ ధాతుయోగమున అప్పిచ్చినవానికి సంప్రదానత్వమును ప్రత్యేకముగా విధించెను. తెలుగునను ‘నాకు అతఁడు బాకీ’ అన్నచో చతుర్థి అప్పిచ్చినవానికే. కాని ‘నాకు అప్పున్నది’ అన్నచో అదే చతుర్థి, ఆకలివలె జ్వరమువలె, అప్పుతీసినవానిది. ‘నాకు బాకీలున్నవి’ అని వర్తకుఁ డనిన, అవి రావలసినవో ఈయవలసినవో ప్రకరణము లేక తెలియదు. సంస్కృతము ఉత్తమర్ణుఁడు, అధమర్ణుఁడు అని అంతరముతోనే పేర్లు పెట్టినది. మనము ‘అప్పులవాఁడు’ అని, అప్పులున్నవానిని గాక ఇచ్చినవానిని పిలుచుచున్నాము!

ఈ అస్పష్టత వ్యాకర్తలకే పరిమితమైనది కాదు. హైదరాబాదు సంస్థానమున 1884 నుండి ఉర్దూ పరిపాలనాభాషయై యుండఁగా వసూలు, జమా, బాకీ అనునవి లెక్క వ్రాయువాని మాటలైనవి. కోస్తా జిల్లాలలోను ఇవి లేకపోలేదు. కాని ఇచ్చట కాగితమునంతను ఆ భాషయే ఆక్రమించినది. రైతునకు ఆ కాగితము చదువ రాదు. ముందుగా కొంత సొమ్ము తీసికొని, అది తీఱువఱకు యజమానికడ సేద్యపు పని చేయు పద్ధతికి ఆ సంస్థానమున భగేలా యని పేరు. ఆ ఒడంబడికలను నియంత్రించుటకు స్వాతంత్ర్యమునకు ముందే అక్కడ శాసనము పుట్టినది. అయినను వడ్డీ పనిని మించెను. తండ్రి తీసిన సొమ్మునకు కొడుకు జీతగాఁడయ్యెను. ఆ కొడుకు అప్పు ‘చేయ’లేదు. అతని స్థితికి ‘పడు’ తప్ప వేఱు క్రియ తగదు.

1976 నాటి వెట్టిచాకిరీ వ్యవస్థ నిర్మూలన చట్టము ఈ పద్ధతులను పేర్కొనుచు భగేలా, జీతా, పాలేరు, వెట్టి అను మాటలను ఉన్నవి ఉన్నట్లు చేర్చుకొన్నది. గమనింపఁదగిన దేమనఁగా, నాల్గవ విభాగము మనుష్యుని విడిపించును. ఆఱవ విభాగము అతఁడు చెల్లింపవలసిన అప్పును వేఱుగా రద్దుచేయును. అప్పు రద్దగుట లెక్కకు సంబంధించినది. విడుదల పడినవానికి సంబంధించినది. మన రెండు క్రియల భేదమును చట్టము రెండు విభాగములుగా చూపినదనవచ్చును.

కావున బ్యాంకుల తాఖీదులలోను, అనువాదములలోను ‘ఇన్ని రూపాయలకు ఋణపడియున్నారు’ అని వ్రాయుటను నేను సమర్థింపఁజాలను. అచ్చట కావలసినది ‘చెల్లింపవలసియున్నారు’. ప్రామిసరీ నోటు వ్రాయు పల్లెటూరి దస్తూరీ ఈ పొరపాటు చేయఁడు: పుచ్చుకొన్న రొక్కమెంతయో, తిరిగి చెల్లించుట ఎట్లో వ్రాసి ఊరకుండును. సొమ్ముతోపాటు మనిషిని పత్రమున ఎక్కింపఁడు.