అర ఓము

గీజరు ప్లగ్గు నల్లబడి కమురు వాసన కొడితే చాలా ఇళ్లలో ముందు అనుమానించేది గీజరునే. కొత్త సాకెట్టు బిగిస్తారు, కొన్నాళ్లకు అదీ నల్లబడుతుంది. అలాంటి సాకెట్టు ఎక్కడ కనబడినా నాకు లెక్క వేసి చూడాలనిపిస్తుంది. బడిలో మార్కుల కోసం నేర్చుకున్న రెండు సూత్రాలే అందుకు చాలు. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం, హెచ్చిస్తే పవర్.

2000 వాట్ల గీజరు మన 230 వోల్టుల సప్లై మీద సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. అంటే దాని కాయిలు నిరోధం 26 ఓములకు కాస్త పైన. సాకెట్టులో పిన్నును పట్టుకునే రేకు వదులై, అక్కడ అర ఓము చేరిందనుకోండి. 26 పక్కన అరను ఎవరు పట్టించుకుంటారు? నీళ్లు ఎప్పటిలాగే కాగుతాయి. కానీ గీజరుకు వెళ్లే కరెంటంతా ఆ అర ఓము గుండానే పోవాలి. అక్కడ నాలుగు వోల్టులకు పైగా పడిపోయి, దాదాపు 36 వాట్లు వేడిగా మారతాయి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ టంకం కరిగిస్తుంది. దాన్ని మించిన వేడి ప్లాస్టిక్ సాకెట్టులో రోజూ పుడుతోందన్నమాట. ఆ వేడికి రేకు ఇంకా వదులవుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. ఎంసీబీ మాత్రం పడదు. ఎందుకు పడుతుంది? నిరోధం పెరిగితే కరెంటు తగ్గింది కదా! నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే.

ఈ దోషం ఖాళీ సాకెట్టులో మీటరు పెడితే దొరకదు. కరెంటు పారకపోతే వోల్టేజీ ఎక్కడా పడదు, మీటరు నిక్షేపంగా 230 చూపిస్తుంది. చేయి తిరిగిన ఎలక్ట్రీషియన్ గీజరు నడుస్తుండగా బోర్డు దగ్గర ఒకసారి, గీజరు టెర్మినళ్ల దగ్గర ఒకసారి చూస్తాడు. తేడా ఎంతో తెలిస్తే మధ్యలో ఏం జరుగుతోందో తెలుస్తుంది.

కొలిచేటప్పుడు వోల్టేజీ నిలకడగా ఉండకపోవడం జర్మనీలో కొలోన్ నగరంలో పాఠాలు చెప్పుకుంటూ ఆ రెండు సూత్రాల్లో మొదటిదాన్ని కనుగొన్న జార్జ్ సైమన్ ఓమ్‌నూ ఇబ్బంది పెట్టింది. ఆనాటి బ్యాటరీల బలం ప్రయోగం మధ్యలోనే మారిపోయేది. ఆయన వాటిని వదిలి, బిస్మత్‌ను రాగితో కలిపి ఒక అతుకును మరిగే నీటిలో, రెండోదాన్ని మంచులో ఉంచి నిలకడైన వోల్టేజీ సాధించాడు. 1827లో వచ్చిన ఆయన పుస్తకం వెనుక ఆ ఓపిక ఉంది. నాకు సూత్రం కన్నా అదే గొప్పగా తోస్తుంది.

పొలంలో బోరు మోటారు దగ్గర మాత్రం ఈ లెక్క యథాతథంగా పనికిరాదు. వోల్టేజీ పడితే గీజరు తక్కువ కరెంటు తీసుకుంటుంది. మోటారు అదే నీళ్లు ఎత్తాలి కాబట్టి ఎక్కువ లాగుతుంది. కరెంటు 20 శాతం పెరిగితే వైండింగులో వేడి 44 శాతం పెరుగుతుంది, ఎందుకంటే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. లైను చివరి పొలాల్లో మోటార్లు కాలడానికి ఇదొక పెద్ద కారణం. స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలేను మోటారు ప్లేటు మీదున్న ఆంపియర్లకు సరిపెట్టి ఉంచాలి. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాన్ని పైకి తిప్పేస్తే, ఆ వేడిని ఆపేవాళ్లు ఇంకెవరూ ఉండరు.