తెర నింపే తొందరలో వంకరపోయే బొమ్మలు

పాత చలనచిత్రాలనూ, పాత పాఠ్యచిత్రాలనూ నేటి వెడల్పు తెరలపై చూపేవారిలో ఒక వింత పట్టుదల కనిపిస్తున్నది. తెరలో అంగుళమైనా ఖాళీగా ఉండరాదట! ఈ పట్టుదల వలన బొమ్మకు ఎంత హాని కలుగుతున్నదో విచారించవలసి ఉన్నది.

ముందుగా లెక్క చూద్దాం. వెనుకటి టెలివిజన్, కంప్యూటరు తెరల వెడల్పు ఎత్తుల నిష్పత్తి సాధారణంగా 4:3. నేటి తెరలలో చాలావాటికి అది 16:9. పాత బొమ్మను కొత్త తెర ఎత్తుకు సరిపెడితే, తెర వెడల్పులో నాలుగవ వంతు మిగిలిపోతుంది. దానిని ఇరుపక్కలా నల్లని పట్టీలుగా వదలివేయవచ్చును. లేదా బొమ్మను పెద్దది చేసి, పైనా క్రిందా కలిపి నాలుగవ వంతు కోసివేయవచ్చును. అదీ కాకపోతే అడ్డంగా సాగదీయవచ్చును. చూడ ముచ్చటగా లేకపోయినా నల్లపట్టీయే న్యాయమైన పద్ధతి అని నా అభిప్రాయం.

కోత వలన కలిగే నష్టానికి అమెరికాలో మంచి ఉదాహరణ ఉన్నది. ‘ది సింప్సన్స్’ అనే హాస్య కార్టూన్ ధారావాహిక 1989లో మొదలైంది. దాని పాత భాగాలన్నీ 4:3 చట్రానికి గీసినవే. 2019 నవంబరులో డిస్నీ ప్లస్ సంస్థ వాటిని 16:9కు కోసి చూపింది. 1993 నాటి ఒక భాగంలో బీరు కర్మాగారం దృశ్యం వస్తుంది. మూడు వేర్వేరు పేర్లు గల మూడు తొట్లలోకి పైనున్న ఒకే గొట్టం నుంచి సరుకు దిగుతుంటుంది. హాస్యమంతా ఆ గొట్టంలోనే ఉన్నది. కోతలో ఎగిరిపోయింది ఆ గొట్టమే! ప్రేక్షకులు గోల చేసిన తరువాత 2020 మే నెలలో అసలు నిష్పత్తిలో చూసే వీలు కల్పించారు. చిత్రకారుడు చట్రంలో ఏ మూలను ఎందుకు వాడుకొన్నాడో ఆలోచించకుండా కత్తెర పట్టడం విమర్శకు తగిన పనే.

సాగదీత ఇంతకన్న ప్రమాదకరం. ఎందుకంటే ఏదీ పోయినట్లు కనిపించదు. 1024 బిందువుల వరుస 1366 బిందువులకు సాగుతుంది. అదనపు బిందువుల రంగును కంప్యూటరు ఇరుగుపొరుగు బిందువుల నుంచి లెక్కగట్టి నింపుతుంది. అందువలన బొమ్మ నునుపుగానే ఉంటుంది, కాని ఆకారం మారిపోతుంది. గ్రాఫులో 45 డిగ్రీల వాలు గల గీత సుమారు 37 డిగ్రీలకు ఒరుగుతుంది.

భూకక్ష్య పటాన్నే తీసుకొనండి. భూకక్ష్య ఉత్కేంద్రత సుమారు 0.017 మాత్రమే, కాగితం మీద గీస్తే కంటికి వృత్తమే. సాగిన తెరపై అదే పటం 0.66 ఉత్కేంద్రత గల దీర్ఘవృత్తమవుతుంది. బుధగ్రహ కక్ష్యకు సైతం అది దాదాపు 0.21 మాత్రమే. ఇట్టి బొమ్మను చూసిన విద్యార్థి, సూర్యునికి దగ్గరైనప్పుడు వేసవి వస్తుందని అనుకొంటే తప్పు ఎవరిది? భూమి సూర్యునికి అతి సమీపంగా ఉండేది జనవరి మొదటి వారంలో గదా!

ఉపాధ్యాయులు పాఠానికి ముందు తెరపై ఒక వృత్తం వేసి, దాని అడ్డుకొలతనూ నిలువుకొలతనూ స్కేలుతో కొలిచి చూడవచ్చును. రెండూ సమానం కాకపోతే ప్రొజెక్టరు అమరికలలో నిష్పత్తిని మార్చుకొనవలెను. ఈ పనికి రెండు నిమిషాలు చాలు.